పెదబొండపల్లికి ఎల్లొచ్చినాను

మా బడి వార్షికోత్సవం నాడు నాలుగో తరగతి పిల్లలు ఎనిమిది మంది 'మగధీర' సినిమా పాటకు డ్యాన్సు చేశారు. అందులో 'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' అన్న మాట వచ్చినప్పుడల్లా కింద కూర్చున్న తల్లులు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. కుర్రాళ్లు ఈలలు వేస్తున్నారు. నేనూ గట్టిగా చప్పట్లు కొట్టాను. డ్యాన్సు అయిపోయాక ముందు వరసలో ఆడిన పిల్ల చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"మేష్టారూ, 'ఎల్దం' తప్పు కదా. పాటలో ఉంటే తప్పు కాదా?" అని అడిగింది.

ఆ పిల్ల నన్ను ఎత్తిపొడవడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను మాత్రం "తర్వాత చెప్తానులే" అని తప్పించుకున్నాను.

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. అంతకు మూడు నెలల ముందు 'మా ఇల్లు' అని పది వాక్యాలు రాయమన్నాను. ఆ పిల్ల మొదటి వాక్యం 'మాయయ్య బేగి నేచి ఏటకి ఎల్తాడు' అని రాసింది. నేను ఎర్రపెన్నుతో 'ఏటకి ఎల్తాడు' చుట్టూ సున్నా చుట్టి పైన 'వేటకు వెళ్తాడు' అని దిద్దాను. 'బేగి' కొట్టేసి 'త్వరగా' అన్నాను. 'నేచి' కొట్టేసి 'లేచి' అన్నాను. పది వాక్యాల్లో పదకొండు సున్నాలు. అందరి ముందూ చదివి వినిపించాను కూడా. పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల తరగతిలో నోరు విప్పడం తగ్గించేసింది. అడిగితే తలాడిస్తుంది, లేకపోతే పక్కపిల్ల చెవిలో చెబుతుంది. నేను దాన్ని సిగ్గు అనుకున్నాను. వార్షికోత్సవం నాడు గాని నాకు తెలియలేదు, ఆ పిల్ల మూడు నెలలుగా ఆ ఎర్ర సున్నాల గురించే ఆలోచిస్తోందని.

నేను అక్కుపల్లిలో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. బడి దగ్గర్లోని మత్స్యకారుల ఊళ్లో. ఇటు సముద్రం, అటు జీడితోటలు, కొబ్బరితోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ తోటలు ఎలా పడిపోయాయో ఇక్కడివాళ్లు ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తారు. నేను ఉద్దానం వాణ్ణి కాదు. మాది సీతంపేట కొండల్లో ఒక సవర గూడ. డీఎడ్ చేసి, డీఎస్సీలో ఉద్యోగం వచ్చి, తిరిగి తిరిగి ఈ తీరానికి చేరాను.

చిన్నప్పుడు నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. మొదటి వారం దాహం వేసి 'డా' అన్నాను. మా భాషలో డా అంటే నీళ్లు. తరగతి గది అంతా నవ్వింది. మేష్టారు నీళ్లు ఇవ్వలేదు, 'నీళ్లు' అని పదిసార్లు అనిపించారు. ఆ తర్వాత ఇచ్చారు. నేను ఆ మేష్టారిని చాలా ఏళ్లు తిట్టుకున్నాను. నాలుగో తరగతి పిల్ల నోటుబుక్కులో పదకొండు సున్నాలు చుట్టిన రోజున మాత్రం ఆయన నాకు గుర్తుకు రాలేదు.

ఇక అసలు సిగ్గుపడాల్సిన సంగతి చెబుతాను. ఆ 'ఎల్దం' అన్న పాట కట్టిన మనిషికి నేను ముప్పై ఏళ్లుగా అభిమానిని.

వంగపండు ప్రసాదరావు పాట మొదటిసారి హాస్టల్లో విన్నాను. సీనియర్ ఒకడు సెలవులకు వెళ్లి టేపురికార్డరు, రెండు కేసెట్లు తెచ్చాడు. వార్డెను ఊళ్లో లేని రాత్రుల్లో దుప్పటి ముసుగేసి వినేవాళ్లం. టేపు చిక్కుపడితే పెన్సిలు పెట్టి తిప్పేవాళ్లం. అన్ని మాటలూ అర్థమయ్యేవి కావు. కానీ ఆ గొంతు పొలం గట్టు మీద నిలబడి అవతలి గట్టు మీద ఉన్నవాణ్ణి పిలిచినట్టు ఉండేది. పుస్తకంలో తెలుగుకి, రేడియోలో తెలుగుకి అంతవరకూ నేను భయపడేవాణ్ణి. ఈ తెలుగుకి భయం వేయలేదు. సీతంపేట సంతలో ఉప్పు, ఎండుచేపలు అమ్మే ఆడవాళ్లు మాట్లాడే తెలుగు అది. ఆ మాటలు పాటలోకి వస్తాయని, వాటికి జనం చప్పట్లు కొడతారని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో రైతు కుటుంబంలో పుట్టారు. విశాఖపట్నం షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. యంత్రాన్ని నడిపించేది ఎవరో అడిగే ఆయన పాట ఉంది కదా, అది యంత్రాల మధ్య చేతులకు గ్రీజు అంటించుకున్న మనిషి కట్టిన పాట. 1972లో మొదలైన జననాట్యమండలిలో గద్దర్ పేరు పక్కనే ఆయన పేరు చెబుతారు. 'భూమి భాగోతం' అని నృత్యనాటకం రాశారు. 'అర్ధరాత్రి స్వాతంత్ర్యం'తో సినిమాలోకీ వెళ్లారు. కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఆడుతూ పాడేవారు. వందల పాటలు కట్టారు.

'ఏం పిల్లడో' పాట సరసం పాట అనుకుంటారు ఇప్పటి పిల్లలు. సినిమాలో అలాగే ఉంది మరి. కానీ అసలు పాటలో ఆ పిల్ల కుర్రాణ్ణి పిలిచేది శ్రీకాకుళం కొండలకి, అక్కడ జరుగుతున్న పోరాటానికి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత కొండలు ఎలా అట్టుడికిపోయాయో మా పెద్దవాళ్లు చూశారు. ఆ పోరాటంలో ఏది ఒప్పు, ఏది తప్పు అని వాదించడానికి నేను ఇది రాయడం లేదు. ఆ పాటలో ఉన్న కొండలు మా కొండలు. మా బడి పిల్లలు వాటి పేరు తెలియకుండానే వాటి పాటకు ఆడారు. అంతే చెబుతున్నాను.

ఇంత అభిమానిని, ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. డీఎడ్ చదివే రోజుల్లో దగ్గర్లోని ఊళ్లో ఆయన పాడతారని తెలిసింది. మర్నాడు పరీక్ష. ఇంకోసారి వెళ్దాంలే అనుకున్నాను. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. 2020 ఆగస్టు 4న, కరోనా రోజుల్లో, ఆయన పార్వతీపురంలో ఇంటి దగ్గరే పోయారని టీవీలో చూశాను. బయటికి కదలలేని రోజులవి. ఆ రాత్రి ఫోనులో పాటలు వింటూ కూర్చున్నాను.

మా బడిలో పనిచేసే మేడమ్ గారి అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఒకసారి ఒక ఫొటో పంపితే ఆమె మా అందరికీ చూపించారు. తెల్లరంగు వేసిన చిన్న చెక్క ఇల్లు. మిసిసిపి రాష్ట్రంలో టుపెలో అనే ఊళ్లో ఉన్న ఎల్విస్ ప్రెస్లీ పుట్టిన ఇల్లట. రెండే గదులు. వాళ్ల నాన్న 180 డాలర్లు అప్పు చేసి కట్టుకున్నాడట. ఎక్కడెక్కడి నుంచో అభిమానులు వచ్చి ఆ రెండు గదులు చూసి, వరండాలో కూర్చుని వెళతారట. "ఈడికి పనీపాటా లేదు, మూడు గంటలు కారు నడుపుకుని పోయి ఈ గుడిసె చూసొచ్చాడు" అని ఆమె నవ్వారు. నేను నవ్వలేదు. ఆ అబ్బాయి నాకు బాగా అర్థమయ్యాడు.

తర్వాత ఎల్విస్ గురించి కాస్త చదివాను. రాక్ అండ్ రోల్ అంటే గిటార్లు, తెల్లవాళ్ల గంతులు అనుకునేవాణ్ణి. దాని వేళ్లు నల్లవాళ్ల పాటల్లో ఉన్నాయి. ఎల్విస్‌కు 1956లో పెద్ద పేరు తెచ్చిన 'హౌండ్ డాగ్' పాటను అంతకు నాలుగేళ్ల ముందే బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని పాడి రికార్డు చేసింది. లోకానికి ఎల్విస్ గుర్తున్నంతగా ఆమె గుర్తు లేదు. మా వార్షికోత్సవం పాట సంగతీ ఇంచుమించు అంతే అనిపించింది. పిల్లలకు సినిమా హీరో తెలుసు. పాట పుట్టిన ఊరు తెలియదు.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయారు. టీవీలో పాత వీడియోలు వేశారు. వాటిలో ఒకచోట వంగపండు కనిపించారు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు నేను ఇంకా జవాబు చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారమే రెండో శనివారం సెలవు. బయల్దేరాను.

అక్కుపల్లి నుంచి ఆటోలో పలాస వచ్చాను. ఈ చుట్టుపక్కలకు పాట కొత్తదేమీ కాదు. పలాస దగ్గరి బొడ్డపాడులోనే సుబ్బారావు పాణిగ్రాహి గుళ్లో పూజారిగా ఉంటూ జముకుల కథ చెప్పారు. 1969 డిసెంబరులో ఆయన్ని కాల్చి చంపారు. ఉద్దానం ముసలివాళ్లలో ఆయన పేరు చెబితే ఒక్క నిమిషం మాట ఆపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాట కట్టినందుకు ప్రాణం పోగొట్టుకున్న ఊళ్ల మధ్య ఉద్యోగం చేస్తూ, పాటలో మాటకు ఎర్ర సున్నా చుట్టినవాణ్ణి నేను.

పలాసలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగాను. ఆమదాలవలస నుంచి బస్సులో పాలకొండ, అక్కడి నుంచి వీరఘట్టం మీదుగా పార్వతీపురం. దారి పొడుగునా వరి ఉభాలు జరుగుతున్నాయి. బురదలో వంగిన ఆడవాళ్లు, గట్ల మీద ఆకు మోపులు. పాలకొండ బస్టాండులో సీతంపేట బస్సు నా పక్కనే ఆగి ఉంది. అది ఎక్కితే మా ఇంటికి పోతాను. ఎక్కలేదు. నాకేదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది. సొంత ఊరు పక్కన పెట్టి ఇంకొకరి సొంత ఊరు చూడడానికి పోతున్నాను కదా.

పార్వతీపురంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. "పెదబొండపల్లిలో ఎవరింటికి గురువుగారూ?" అన్నాడు ఆటో అతను. ఏం చెప్పాలో తెలియలేదు. "ఎవరింటికీ కాదు, ఊరు చూడ్డానికి" అన్నాను. అతను అద్దంలో నన్ను ఒకసారి చూసి, "వంగపండు ఊరు కదా" అన్నాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఊరు ఊరిలాగే ఉంది. పెంకుటిళ్లు, శ్లాబు ఇళ్లు, వీధిలో ఆరబోసిన బట్టలు, గేదెలు, గట్టుకు ఆనించిన సైకిళ్లు. దూరంగా కొండలు. ఇల్లెక్కడ అని అడిగి తలుపు కొట్టబుద్ధి కాలేదు. పోయిన మనిషి ఇంటికి పోయి, 'మీ ఇల్లు చూస్తాను' అనడం మా వైపు మర్యాద కాదు. వీధులన్నీ మెల్లగా నడిచాను. ఈ వీధిలోనే ఆయన చిన్నప్పుడు పరిగెత్తి ఉంటారు, ఈ గట్టు మీదే ఎవరినో పిలిచి ఉంటారు అనుకుంటూ నడిచాను. అభిమాని చేసే పని ఇంతే. టుపెలో వరండాలో కూర్చున్న ఆ అబ్బాయి కూడా ఇంతే చేసి ఉంటాడు.

టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్నాను. ఉభాలకు పోయి వచ్చిన ముసలమ్మ ఒకామె కాళ్లకు బురదతోనే వచ్చి టీ తాగుతోంది.

"ఏ ఊరు బాబూ నీది?"

"పలాస దగ్గర మామ్మా. అక్కుపల్లి. టీచర్ని."

"అంత దూరం నుంచి ఏటికొచ్చినావు?"

చెప్పాను. వంగపండు పాటలంటే ఇష్టమని, చిన్నప్పటి నుంచి వింటున్నానని, ఒక్కసారి ఊరు చూసిపోదామని వచ్చానని. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె టీ గ్లాసు ఊపుకుంటూ, "ఆ పాటలకి ఏటుంది బాబూ, మాం మాటాడుకున్న మాటలే కదా. ఇక్కడ ఉభాల కాడికొచ్చి కూకున్నావంటే రోజంతా ఇనొచ్చు" అంది.

టీ కొట్టు అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. గ్లాసు కడిగి పెట్టి, "ఎల్లొస్తాను బాబూ, బేగెల్లకపోతే మడి మిగిలిపోద్ది" అంటూ వెళ్లిపోయింది.

ఆ ఒక్క వాక్యంలో నేను మూడు సున్నాలు చుట్టేవాణ్ణి.

ఆయన గొప్పతనాన్ని ఆ మామ్మ తగ్గించిందని నేను అనుకోలేదు. ఆ మాటలు అందరికీ ఉన్నాయి. వాటిని సిగ్గుపడకుండా లోకం ముందు నిలబెట్టిన మనిషి ఒక్కడు. షిప్‌యార్డులో చేరినా, పట్నంలో పాడినా, సినిమాకు వెళ్లినా ఆయన 'ఎల్దం'ను 'వెళ్దాం'గా మార్చుకోలేదు. మార్చుకుని ఉంటే ఆ పాట మా హాస్టలు దుప్పట్లోకి వచ్చేది కాదు, మా బడి స్టేజీ మీదికీ వచ్చేది కాదు. ఆ మాటను మార్చే పనికి జీతం తీసుకుంటున్నది నేను.

ఒక గంట ఉన్నాను ఆ ఊళ్లో. ఫొటో ఒక్కటే తీసుకున్నాను, పొలం గట్టుది. చూపిస్తే ఎవరూ అది పెదబొండపల్లి అనుకోరు. మా జిల్లాలో ఏ ఊరి గట్టైనా అలాగే ఉంటుంది.

తిరుగు బస్సులో పాలకొండ వచ్చేసరికి చీకటి పడుతోంది. ఈసారి సీతంపేట బస్సు ఎక్కాను.

అమ్మ నన్ను చూసి ముందు భయపడింది. చెప్పకుండా వచ్చాను కదా, ఎవరికి ఏమైందో అనుకుంది. అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని, ఎక్కడికి వెళ్లొచ్చానో చెప్పాను. కేసెట్ల సంగతి ఆమెకు కొంచెం గుర్తుంది. "మన పాటలూ ఉన్నాయి కదా, అవి ఎవడైనా అలా కేసెట్టు చేస్తాడా?" అంది సవరలో. అది ఫిర్యాదు కాదు, ఊరికే అడిగింది. నా దగ్గర దానికీ జవాబు లేదు.

మా గురించి పాడినవాళ్లు చాలామంది ఉన్నారు. మా మాటలో పాడి లోకానికి వినిపించినవాళ్లు చాలా తక్కువ. వంగపండు ఆదివాసి కాదు. తన ఊరి మాటను ఆయన వదులుకోలేదు, అంతవరకే ఆయన పని, అది ఆయన పూర్తిగా చేశారు. మా ఊరి మాటను వదులుకోకపోవడం మా పని. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, 1931లో మా భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటానికి గుర్తుగా ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ప్రతి ఏడూ ఆ రోజు ఆయన ఫొటోకు దండ వేసి నేనే ఉపన్యాసం ఇస్తాను. నా కూతురికి మాత్రం సవరలో పది మాటలు కూడా రావు. పట్నం బడిలో ఇబ్బంది పడుతుందని నేనే నేర్పలేదు.

ఆ రాత్రి అమ్మ కొత్తల పండగలో పాడే పాట ఒకటి పాడింది. బడి నోటుబుక్కు తీసి తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. మధ్యలో గొంతులో చటుక్కున ఆగే శబ్దం ఒకటి ఉంది, దానికి తెలుగులో అక్షరం లేదు. అక్కడ ఒక చుక్క పెట్టుకున్నాను. నలభై దాటిన నేను మా అమ్మ పాటను రాయడం అదే మొదలు.

సోమవారం బడిలో బోర్డు మీద నిలువు గీత గీశాను. ఒకవైపు 'ఇంటి మాట', ఇంకోవైపు 'పుస్తకం మాట' అని రాశాను. 'ఎల్దం' ఒకవైపు, 'వెళ్దాం' ఇంకోవైపు. "పరీక్షలో పుస్తకం మాట రాయాలి. అది నేర్పడం నా పని. కానీ ఇంటి మాట తప్పు కాదు. తప్పు అని నేను అన్నాను, అది నా తప్పు" అని చెప్పాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేష్టారు తప్పు ఒప్పుకోవడం వాళ్లకు కొత్త. తర్వాత ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. బేగి, ఏటి, గుంటడు, కూకోడం, వలల పేర్లు, చేపల పేర్లు. చేపల పేర్లలో సగం నాకు తెలియవు. వాటికి పుస్తకం మాటలు ఏమిటో కూడా తెలియదు. అటువైపు ఖాళీగా వదిలేశాను.

చివర్లో మూడో గీత గీసి 'నీళ్లు' ఎదురుగా 'డా' అని రాశాను. "ఇది ఏటి మేష్టారూ?" అన్నాడొకడు. "ఇది మా ఇంటి మాట" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు 'డా, డా' అని అని చూసుకున్నారు.

ఆ పిల్ల నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. పదకొండు సున్నాలూ చెరపడం కుదరదు, ఎర్ర ఇంకు. కింద ఖాళీలో నీలం పెన్నుతో, 'ఇవి తప్పులు కావు, నీ ఇంటి మాటలు' అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. చదువుకుని బ్యాగులో పెట్టుకుంది. ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక ప్లేటు పట్టుకుని పరిగెడుతూ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి పక్కపిల్లను కేకేసింది:

"రాయే, ఎల్దం!"